పక్క షట్టర్ యాదన్న, నా కడుపుమంట

పోయిన నెల షాద్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు స్పీకర్లు బిగించడానికి వెళ్లాను. పని ముగించుకుని బజారు మీదుగా బస్టాండు వైపు నడుస్తుంటే ఎక్కడి నుంచో వార్నిష్ వాసన వచ్చింది. మోటారుకు కొత్తగా చుట్టిన రాగి తీగ మీద పోసి ఎండకు ఆరబెడతారే, ఆ వార్నిష్. ముందు ముక్కు మండుతుంది, ఆ వెనకాలే కాస్త తియ్యగా తగులుతుంది. నా కాళ్లు ఆగిపోయాయి. పోయిన మనిషిని గుర్తు చేసే వాసన తగిలితే ఎవరికైనా ముందు ఆ మనిషి ముఖం కళ్ల ముందుకొస్తుంది. నాకు మాత్రం ముందు నా కడుపుమంట గుర్తొచ్చింది, ముఖం ఆ తర్వాత వచ్చింది. ఆయన పేరు యాదయ్య. శంషాబాద్‌లో నా పక్క షట్టర్‌లో మోటార్లు, ఫ్యాన్లు చుట్టేవాడు. రెండేళ్ల కింద పోయాడు. నా బతుకులో ఇంకెవరిని చూసీ నేను అంతగా కుళ్లుకోలేదు. నాకు పని నేర్పింది కూడా ఆయనే. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్పడం నాకు ఈనాటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగరీత్యా హైదరాబాద్ వచ్చి అత్తాపూర్‌లో ఇల్లు కట్టుకున్నారు. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను, సిటీలో ఒక సర్వీస్ సెంటర్‌లో నాలుగేళ్లు పని చేశాను, ఇక సొంతంగా షాపు పెడతానని పట్టుబట్టాను. నాన్నకు అది అస్సలు ఇష్టం లేదు. "ఎయిర్‌పోర్టులో మెయింటెనెన్సు పనికి మనుషుల్ని తీసుకుంటున్నారట, హాయిగా చేరిపోరా" అని రోజూ అన్నం దగ్గర మొదలుపెట్టేవారు. చివరికి ఒక ఏడాది గడువిచ్చారు. ఏడాదిలో షాపు నిలబడకపోతే నోరు మూసుకుని ఉద్యోగంలో చేరాలి. సరేనన్నాను. శంషాబాద్‌లో రోడ్డు మీదికే షట్టర్ దొరికింది. అద్దాల తలుపు పెట్టించాను, రంగుల బోర్డు రాయించాను. కరెంటు అలల్ని తెర మీద చూపించే ఆసిలోస్కోపును దారిన పోయేవాళ్లకు కనిపించేలా అద్దం వెనకే పెట్టాను. పక్క షట్టర్‌కు బోర్డే లేదు. గుమ్మానికి ఒక పాత ఫ్యాన్ మోటారు వేలాడుతుండేది, అదే గుర్తు. లోపల ఒక చెక్క పీట, రబ్బరు బ్యాండుతో కట్టి నిలబెట్టిన ఒక మీటరు, వార్నిష్ డబ్బాలు. ఆ పీట మీద మోకాళ్ల మధ్య మోటారు పెట్టుకుని యాదయ్య కూర్చునేవాడు. జనమంతా అక్కడే.

పనికి వచ్చినవాళ్లే కాదు, ఊరికే వచ్చినవాళ్లు కూడా అక్కడే నిలబడేవారు. నా అద్దాల్లోంచి వాళ్ల వీపులు కనిపించేవి. ఎండగా ఉంటే నా బోర్డు నీడలోకి జరిగి మరీ ఆయనతో మాట్లాడేవారు. అందరికీ ఆయన యాదన్న. నన్ను మాత్రం, వయసులో తనకంటే పదిహేనేళ్లు చిన్నవాణ్ణయినా, మొదటి రోజు నుంచీ "సారు" అనేవాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని నేను చాలాకాలం వెతికాను. ఉంటే ఎంత బాగుండేది, తిరిగి ద్వేషించడానికి నాకొక ఆధారం దొరికేది. ఒక్కసారి కూడా దొరకలేదు.

ఆయనకో పద్ధతి ఉండేది. చెడిపోయిన వస్తువు ఎవరు తెచ్చినా వెంటనే విప్పేవాడు కాదు. "ఖరాబు కాకముందు ఏం మారింది?" అని అడిగేవాడు. ఇల్లు మారారా, వైరు మారిందా, వాడే మనిషి మారాడా, అన్నీ అడిగేవాడు. ఒకసారి చుట్టిన మోటారు మళ్లీ కాలి వస్తే మాత్రం అసలు ముట్టేవాడు కాదు. "రెండోసారి వచ్చిందంటె జాగ సూడాలె" అని షట్టర్ దించి, తెచ్చినవాడి బండి వెనకే ఎక్కి వెళ్లిపోయేవాడు. హిమాయత్ సాగర్ వైపు తోటల్లో బోరు పక్కన పొద్దంతా కూర్చుని వచ్చిన రోజులున్నాయి. వేళకు విలువ తెలియని మనిషి అని నేను మనసులో నవ్వుకునేవాణ్ణి. మళ్లీ ఆయన షట్టర్ తీసేసరికి అదే జనం వచ్చి నిలబడేవారు, నా నవ్వు ఆగిపోయేది.

షాపు పెట్టిన రెండో నెలలో ఒక ఫంక్షన్ హాలు నుంచి ఆంప్లిఫయర్ వచ్చింది. పాట పెట్టకముందే గుర్రుమంటోందట. నా బల్ల మీద పెడితే చప్పుడే లేదు. రెండు రోజులు విప్పాను, బిగించాను, తెర మీద అలలు చూస్తూ కూర్చున్నాను. యాదన్న చాయ్ గ్లాసుతో అద్దాల తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏంది సారు, పరేషాన్ల ఉన్నరు?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "గా హాల్ల కూలర్ ఏడ పెట్టిండ్రు?" అని అడిగాడు. "దానికీ దీనికీ సంబంధం లేదు యాదన్నా" అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన అన్నానికి వెళ్లేదాకా ఆగి హాలు వాళ్లకు ఫోన్ చేశాను. కూలరూ ఆంప్లిఫయరూ ఒకే ప్లగ్గు బోర్డు మీదున్నాయి. వేరు చేయించాను, చప్పుడు పోయింది. సాయంత్రం ఆయన అడిగితే లోపల ఒక వైరు వదులైందని చెప్పాను. "మంచిగైంది, గదే గావాలె" అన్నాడు. ఆ ముఖంలో నిజంగానే సంతోషం కనిపించింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇలాంటివి ఇంకా జరిగాయి, అన్నీ రాయను. ఏడాది గడువు దగ్గర పడుతుండగా సుధాకర్ వచ్చాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో పని చేసేవాడు, ఆదివారాలు వాళ్ల ఊరి చర్చిలో బేస్ గిటార్ వాయించేవాడు. ఆటోలోంచి గిటార్ తాలూకు ఆంప్లిఫయర్ దింపాడు. నల్లటి డబ్బా, ముందు స్పీకరు, వెనక వేడిని బయటికి పంపే అల్యూమినియం రెక్కలు, ఒక చిన్న ఫ్యాను. "మూడో పాటకాడికొచ్చేసరికి గొంతు పోతది సారు. ఇరవై నిమిషాలు ముట్టకుంటె మల్ల మంచిగనే పలుకుతది" అన్నాడు. అది చెప్పగానే జబ్బు నాకు అర్థమైంది. వేడెక్కుతోంది. హద్దు మీరి వేడెక్కితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు అందులో ఉంటుంది. ఇంత సులువైన పని దేవుడే పంపించాడనుకున్నాను. పైగా వాళ్లు అయ్యగారని పిలిచే పాస్టరు గారి మాటకు ఆ చుట్టుపక్కల ఆరేడు చర్చిల్లో విలువుంది. ఈ ఒక్కటి బాగైతే అన్నిటి సౌండు పనీ నాకే వస్తుంది, నాన్న నోరు మూతపడుతుంది. ఫ్యాను మార్చాను, దుమ్ము దులిపాను, రెక్కల దగ్గర వేడిని లాగే పేస్టు కొత్తగా రాశాను. బల్ల మీద మూడు గంటలు మోగించాను. గోరువెచ్చగా కూడా కాలేదు.

ఆదివారం మూడో పాటకు ఆగిపోయింది. మళ్లీ తెచ్చాడు. ఈసారి లోపలి పవర్ ట్రాన్సిస్టర్లన్నీ మార్చాను, వేడిని కనిపెట్టే బిళ్లను కూడా మార్చాను. ఉదయం నుంచి సాయంత్రం దాకా మోగించాను. రాయిలా నిలబడింది. మళ్లీ ఆదివారం, మళ్లీ మూడో పాట. ఈసారి సుధాకర్ డబ్బా తేలేదు, ఫోన్ చేశాడు. "ఇగ తెచ్చేది లేదు సారు. రెండు వారాలల్ల కోత పండుగ. ఆ దినం గిట్ల ఆగితె అయ్యగారు సిటీకి పంపిస్తమంటున్నరు. నేను మీ పేరు చెప్పి తెచ్చిన, నా ఇజ్జత్ పోతున్నది" అన్నాడు. గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

ఫోన్ పెట్టేసి చూస్తే యాదన్న గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడు. "సారు, జర ఆదివారం పోయి ఆడ కూసోరాదుండ్రి. మూడు పాటలయ్యేదాంక కూసుంటె ఎరికైతది" అన్నాడు. ఆ మాట సరైనదని నాకు అప్పుడే తెలుసు. సర్వీస్ సెంటర్‌లో నాలుగేళ్లు వస్తువే మా దగ్గరికి వచ్చేది, మేము దాని దగ్గరికి వెళ్లేవాళ్లం కాదు. అయినా వెళ్లడానికి ఏం కష్టం? పది కిలోమీటర్లు. కానీ నేను వెళ్లి, అక్కడ ఏదో కనిపించి, బాగుచేస్తే అది యాదన్న చెప్పినట్టు చేసినట్టవుతుంది. డిప్లొమా చదివి, ఆసిలోస్కోపు కొని, చివరికి ఫ్యాన్లు చుట్టేవాడు చెబితే లేచి వెళ్లానన్నమాట. "అది పీట మీద కూర్చుని చూసే జబ్బు కాదు యాదన్నా, సర్క్యూట్ తెలియాలి" అన్నాను. ఆయన తలూపాడు. "గంతేనా సారు, నాకేమెరిక" అని తన షట్టర్‌లోకి వెళ్లిపోయాడు. ఆ వారమంతా నేను ఆ ఆంప్లిఫయర్ సర్క్యూట్ బొమ్మ ముందేసుకుని కూర్చున్నాను.

సోమవారం పొద్దున్నే యాదన్న వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దాటనివాడు ఆ రోజు లోపలికొచ్చి, నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, అద్దాల తలుపు మూశాడు. "నిన్న నాకేం పని లేకుండె సారు, గా చర్చికి పోయిన" అన్నాడు. "గా డబ్బ మీద మఖ్మల్ బట్ట కప్పిన్రు. ఎర్రగ, జరీ అంచు. ఆడోళ్ల సంఘం కుట్టిందంట. బైబిలు పెట్టే బల్లకు, మాట్లాడే బల్లకు కుట్టిన్రు గదా, నల్ల డబ్బ ఒక్కటి బోడిగ కనిపిస్తున్నదని దీనికి సుత కుట్టిన్రు. సౌండు ఆగుతదని ముంగట కిడికీ లెక్క కత్తిరించిన్రు. ఎనుక వైర్లు కనిపిస్తున్నయని కింది దాంక మూసిన్రు. ఆడ్నే గదా గాలి పొయ్యేది?" డబ్బా నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆ బట్టను మడతపెట్టి చర్చిలోనే ఉంచేవారు. ఆటోలో మాసిపోతుందని. ఏం మారిందని నేను అడగలేదు. అడిగినా వాళ్లకు ఆ బట్ట గుర్తొచ్చేది కాదేమో, ఎంతో ప్రేమగా కుట్టినదాన్ని జబ్బు అని ఎవరనుకుంటారు?

"వాళ్లకు చెప్పారా?" అని అడిగాను. "నేనెందుకు చెప్తా సారు? డబ్బ మీ చేతులకొచ్చింది. మీరు పోయి చెప్పుండ్రి" అని లేచాడు. అప్పుడు నేనన్న మాట ఇది: "నాకూ ఆ అనుమానం ఉంది యాదన్నా, గాలి ఆడటం లేదేమోనని." ఆయన నన్నొక్క క్షణం చూశాడు. "ఉంటది సారు. సదువుకున్నోళ్లు గద" అని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వెంటనే నేను చర్చికి పరిగెత్తి ఉండాలి. వెళ్లలేదు. ఆయన మాట తప్పని తేలాలని మొక్కుకున్నంత పని చేశాను. రిపేరుకు వచ్చిన ఇంకొక ఆంప్లిఫయర్ మీద మా ఇంటి దుప్పటి కప్పి మోగించాను. నలభై నిమిషాలకు టక్కున ఆగిపోయింది. దుప్పటి తీసి, చల్లార్చి, మళ్లీ కప్పాను. మళ్లీ అంతే. జబ్బు దొరికినందుకు ఏడుపొచ్చిన మెకానిక్‌ను నేనొక్కణ్ణే అయి ఉంటాను. బుధవారం సాయంత్రం సుధాకర్ మళ్లీ ఫోన్ చేశాడు, ప్రాక్టీసులో కూడా ఆగిందని. ఈసారి అరిచాడు. అయినా ఇంకో రెండు రోజులు వేరే కారణమేదైనా దొరుకుతుందేమోనని వెతికాను. శనివారం ఇక దారి లేక వెళ్లాను.

పండుగకు చర్చిని అలంకరిస్తున్నారు. వరి కంకులు, గుమ్మడికాయలు, చెరుకు గడలు మెట్ల మీద పేరుస్తున్నారు. సుధాకరూ అయ్యగారూ ఉన్నారు, నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. నేను డబ్బా చుట్టూ ఒకసారి తిరిగాను. వేలితో అక్కడా ఇక్కడా తట్టాను. బట్ట అంచు పట్టుకుని, అప్పుడే చూసినట్టు, ఇదేమిటని అడిగాను. తర్వాత వేడి ఎలా పుడుతుంది, రెక్కలెందుకుంటాయి, గాలి ఎటు నుంచి ఎటు పోవాలి అని పావుగంట ఉపన్యాసమిచ్చాను. బట్ట కుట్టింది రూతమ్మ అనే ఆవిడట, పొలం పనులు చేసుకుంటూ మిషను కూడా కుట్టేది. ముందుకొచ్చి బట్ట తీసి జాగ్రత్తగా మడిచింది. "గట్లనా సారు" అని నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. సుధాకర్ గంటన్నర వాయించాడు. ఆగలేదు.

మర్నాడు పండుగకు నన్ను రమ్మన్నారు, వెళ్లాను. నాలుగో పాట, ఐదో పాట, బేస్ గిటార్ నేల అదిరేట్టు పలుకుతూనే ఉంది. అయ్యగారు మైకులో నన్ను ఇంజినీరు గారన్నారు, శాలువా కప్పారు, కానుకల్లోంచి ఒక గుమ్మడికాయ చేతుల్లో పెట్టారు. చప్పట్లు కొడుతుంటే నా కళ్లు జనంలో యాదన్న కోసం వెతికాయి. ఆయన రాలేదు. రాకపోవడం కూడా నాకు కోపం తెప్పించింది. సోమవారం శాలువా సంగతి చెబితే "నిలవడ్డరు సారు" అని రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. వార్నిష్ అంటిన చేతులు. థాంక్స్ అనే మాట నా నోటి దాకా వచ్చి అక్కడే ఆగింది. ఇంట్లో నాన్న గుమ్మడికాయ వైపు చూసి ఎయిర్‌పోర్టు ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.

షాపు నిజంగానే నిలబడింది. ఆరేడు చర్చిలూ వచ్చాయి, హాళ్లూ హోటళ్లూ వచ్చాయి. నేను మారాను, కానీ దొంగచాటుగా. యాదన్న అన్నానికి వెళ్లినప్పుడు షట్టర్ దించి, వస్తువు చెడిపోయిన చోటికి వెళ్లి కూర్చునేవాణ్ణి. "ఏం మారింది?" అని గొంతు తగ్గించి అడిగేవాణ్ణి, పక్కకు వినిపిస్తుందేమోనని. పక్కపక్కన పదకొండేళ్లున్నాం. రోజూ ఆయన పంపిన చాయ్ తాగాను. ఒక్కసారి కూడా ఆ ఆదివారం గురించి నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. చివర్లో ఊపిరితిత్తులు పాడై దవాఖానలో ఉంటే చూడ్డానికి వెళ్లాను. అప్పుడైనా చెబుదామనుకున్నాను. ఆయన మంచం చుట్టూ జనం, ఎప్పటిలాగే. ఆ వీపులు చూసి, ఆ స్థితిలో కూడా నాకు పాత మంట రగిలింది. పండ్ల సంచి పెట్టి వచ్చేశాను.

పదకొండో దినం నాడు భోజనాలకు వెళ్లాను. వడ్డిస్తున్నవాళ్లలో రూతమ్మ కనిపించింది. నేను ఆశ్చర్యపోయాను. "మీకు యాదన్న తెలుసా?" అని అడిగాను. "తెల్వకపోవుడేంది సారు? గా ఆదివారం నా ఎనుకనే కూసున్నడు. మూడో పాట ఆగంగనే లేసొచ్చి, డబ్బ మీద బట్ట కింద చెయ్యి వెట్టి సూసిండు. గిది నువ్వే కుట్టినవా అమ్మా, మస్తుగున్నది అన్నడు. ఇది తీస్తె డబ్బ ఆగదు, కని నువ్వు తియ్యకు అన్నడు." ఎందుకని అడిగాను. తెలిసినా అడిగాను. "సారు వచ్చి చెప్తడు, అప్పటిదాంక ఉండనియ్యి, ఆయన దుకాణం కొత్తది, నిలవడనియ్యి అన్నడు. బుధవారం ప్రాక్టీసుల మల్ల ఆగింది. సుధాకర్ మస్తు ఒర్రిండు. నేను నోరు తెరవలే సారు. మీరు శనివారం దాంక రాకపోతిరి, నాకు మస్తు భయమైంది."

ఐదు రోజులు. నేను ఆంప్లిఫయర్ మీద దుప్పటి కప్పి ఆయన మాట తప్పని తేలాలని చూస్తున్న ఐదు రోజులూ, ఆవిడ నా కోసం ఆ బట్టను అలాగే ఉంచింది. నా పావుగంట ఉపన్యాసాన్ని అంతా తెలిసే చేతులు కట్టుకుని విన్నది. "జబ్బు కనిపెట్టింది ఆయనేనమ్మా" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "ఎరికె సారు" అని పప్పు ఇంకో గరిటె వేసి పక్క విస్తరికి వెళ్లిపోయింది. నాకు కళ్లనీళ్లు రావాలి, కృతజ్ఞత కలగాలి. కలిగాయి కూడా, తర్వాత. కానీ ఆ విస్తరి ముందు ముందుగా కలిగింది మాత్రం అసూయే. అంత పని చేసి, ఎవరికీ చెప్పకుండా, పీట మీద కూర్చుని హాయిగా తీగ చుట్టుకోగలిగిన ఆ మనసు నాకెందుకు లేదని.

ఆయన దగ్గర నేర్చుకున్నది కొంత నా దగ్గరుంది. చెడిపోయిన చోటికి వెళతాను, కూర్చుంటాను, అడుగుతాను. ఇప్పుడు గొంతు తగ్గించను. ఆ మిగతాది మాత్రం అబ్బలేదు. ఏ చిన్న జబ్బు పట్టుకున్నా సాయంత్రంలోగా నలుగురికి చెప్పుకుంటే గానీ నాకు తోచదు. చెప్పకుండా ఉండటం నాకు చేతకాదని తెలిసిపోయింది గనక, ఈసారైనా సరిగ్గా చెబుతున్నాను. ఆ చర్చిలో బేస్ గిటార్ ఆంప్లిఫయర్ ఎందుకు ఆగిపోతోందో కనిపెట్టింది నేను కాదు. యాదయ్య.